మిరప చేతులు

ట్రాక్టరు చప్పుడే అనుకుంది ముత్తక్క. కాదు. వాగు అవతల ఎవరిదో బండి, అడవి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. లేచిన మనిషి మళ్ళీ అరుగు మీద కూలబడింది. సమ్మయ్య పొద్దున్నే పామాయిల్ మొక్కలు తెస్తానని దమ్మపేట వెళ్ళాడు, అన్నం వేళకు వస్తానన్నాడు, అన్నం వేళ దాటింది, కుండలో అన్నం చల్లారింది, మబ్బు కిందికి దిగుతోంది, అతను వచ్చేలోపు ఆమె ఒక్క మాట కూడదీసుకోవాలి. ఒక్కటే. నా చేతులకేం లేదయ్యా, అని. అదేం అంత పెద్ద మాట గనక? నోరు తెరిస్తే వచ్చేస్తుంది. వచ్చాక, మరి ఇన్నాళ్ళూ ఎందుకు మండుతున్నాయన్నావని అతను అడుగుతాడు, దానికి ఇంకో మాట చెప్పాలి, ఆ మాటకు అసలు మాట చెప్పాలి, ఆ అసలు మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె ప్రతిసారీ ఇంకో పనిలోకి జారుకుంటుంది. కానీ ఇవాళ చెప్పి తీరాలి. మొక్కలు ట్రాక్టరు దిగకముందే చెప్పాలి. గుంతలో పడ్డాక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఆ చెట్టు ఒకసారి వేరూనిందంటే వీళ్ళిద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా అక్కడే నిలబడి ఉంటుంది, ఆ రెండెకరాల్లో ఇక మిరప మొలవదు. పెళ్ళాం అరచేతులు మండుతున్నాయని పంట మార్చిన మొగుణ్ణి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ చూసి ఉండరు. చూడండి మరి, సమ్మయ్య ఉన్నాడు. గుంతలు కూడా తవ్వేశాడు. ఇంటి వెనక చేను నిండా వరసగా గుంతలు, రాత్రి వానకు ఒక్కోదాంట్లో కాసిన్ని నీళ్ళు.

నీళ్ళు అనుకోగానే పొత్తికడుపు కింద అది మేల్కొంది. అది అనే అనుకుంటుంది ముత్తక్క, పేరు పెట్టి పిలిచి దానికి చనువివ్వడం ఇష్టం లేక. చనువివ్వకపోయినా ఇంటి మనిషైపోయింది. ఇందాకే కదా ఒంటికి వెళ్ళొచ్చింది, అరుగు మీది నీడ కూడా జరగలేదు, అప్పుడే రమ్మంటోంది. మూత్రసంచి నిండితే నొప్పి, నిండడమంటే గుక్కెడు నీళ్ళే. ఖాళీ చేస్తే కాసేపు ఊరట, ఆ ఊరట అనుభవించేలోపే మంట. ఆపుకొని చూద్దామని పట్టుదలగా కూర్చుంటుంది ఒక్కోసారి, పళ్ళు బిగబట్టి, దానికీ తనకీ పందెం అన్నట్టు, ఎప్పుడూ అదే గెలుస్తుంది. లేచి వెనక్కి వెళ్ళింది. నాలుగు చుక్కలు. వాటి కోసం గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకొని, కాలి బొటనవేళ్ళు నేలకు గుచ్చి. పొలంలో ఉన్నప్పుడైతే ఇంకా నగుబాటు, కూలి ఆడవాళ్ళందరూ పొద్దున ఒకసారి, పొద్దు వంగాక ఒకసారి కలిసి పొదల చాటుకు పోతారు, ఈమె ఒక్కతీ సాలు సాలుకూ కొంగు సర్దుకుంటూ లేస్తుంది. "ఏంది ముత్తక్కా, మళ్ళనా?" అంటుంది శ్యామల, మంచిదే, పక్కింటి మనిషి, నవ్వడానికే అంటుంది. నీళ్ళు తాగడం మానేస్తే పని తప్పుతుందని మానేసింది కొన్నాళ్ళు. మంట రెట్టింపైంది. చేతులు కడుక్కొని, కడుక్కున్న చేతుల వైపు చూసుకుంది. శుభ్రంగా, చల్లగా, ఏ మంటా లేకుండా ఉన్నాయి, సిగ్గులేని చేతులు.

మిరప ఏరిన చేతుల సంగతి మిరప పండించే ఊళ్ళకే తెలుసు. ఏరుతున్నంతసేపూ ఏమీ తెలియదు. ఇంటికొచ్చి స్నానం చేశాక మొదలవుతుంది, గోళ్ళ కిందనుంచి, వేళ్ళ సందుల్లోంచి, పొయ్యి దగ్గర కూర్చుంటే మరీనూ. ఆ చేతులతో కన్ను నలపకూడదు, చంటిపిల్లను ఎత్తుకోకూడదు, మొగుణ్ణి అసలే తాకకూడదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త పున్నమ్మ, ఇప్పుడు లేదు, మహా మనిషి, నవ్వు మొహం మీదికి రానివ్వకుండా చెప్పింది: "కాయ ఏరినన్ని దినాలు నీ చాప నీది, వాని చాప వానిది బిడ్డా. మన ఇంట్ల గిదే కట్టుబాటు." చెప్పిందే గానీ విడిగా పడుకోవడానికి ఇంకో గది ఎక్కడిది, కొత్త దంపతులు, ఒకే గది, మధ్యలో ధాన్యం బస్తాల అడ్డం. ఆ మొదటి ఏడే కట్టుబాటు తప్పారు. తప్పిన సంగతి తప్పిన క్షణంలోనే తెలిసిపోయింది ఇద్దరికీ. సమ్మయ్య పంచె చేత్తో పట్టుకొని వాగు దాకా ఒకటే పరుగు, వెనక ఆమె, చలికాలం నీళ్ళలో నడుము దాకా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వారు, మంటకు కళ్ళనీళ్ళు వస్తున్నాయో నవ్వుకు వస్తున్నాయో తెలియకుండా నవ్వారు. "ఇగ మా అమ్మ ముంగట మొకం ఎట్ల జూపుడే" అన్నాడు అతను పళ్ళు టకటకలాడుతుంటే. తెల్లారి పున్నమ్మ ఏమీ అడగలేదు. కుండెడు మజ్జిగ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, పని ఉన్నట్టు పెరట్లోకి పోయింది. ఇప్పటికీ ముత్తక్కకు మజ్జిగ వాసన తగిలితే ఆ వాగు గుర్తొస్తుంది. ఎంత మండింది ఆ రోజు! అయినా అది ఎంత మంచి మంట. పొద్దెక్కేసరికి ఆరిపోయింది.

అందుకే ఇది మొదలైనప్పుడు కూడా మిరపే అనుకుంది. మనోజ్ఞను భద్రాచలం హాస్టల్లో వేసిన ఏడు అది, కూతురు లేని ఇల్లు బోసిగా ఉందని ఆమె పొద్దున్నుంచి రాత్రిదాకా తోటలోనే ఉండేది, చేతులు సరిగా కడుక్కోకుండా ఒంటికి వెళ్ళి ఉంటాను, అక్కడ తగిలి ఉంటుంది అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. మిరప ఊళ్ళో మంటకు ఇంకో కారణం వెతికేదెవరు? బూడిదతో తోముకుంది చేతులు, సబ్బుతో తోముకుంది, మజ్జిగలో నానబెట్టుకుంది, తోముకోగా తోముకోగా గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయింది. పల్లేరు కాయల కషాయం తాగింది, సబ్జా గింజలు, కొబ్బరి బొండాలు, వేడి చేసిందమ్మా అన్న ప్రతివాళ్ళ మాటా విన్నది. తోట గట్టు మీద రాయి రూపంలో ఉన్న అమ్మవారికి మొదటి ఏరుడు కాయ దోసెడు పోసి, తల్లీ నా చేతుల్లో ఏం దోషముందో తీసెయ్ అని మొక్కింది. చేతుల్లో ఏ దోషమూ లేదని ఆ తల్లైనా చెప్పలేదు. కాయ అయిపోయింది, కల్లం ఊడ్చేశారు, తోట ఎండి మోళ్ళు పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. మంట ఆరలేదు. మిరప మోళ్ళు కాలుతుంటే పొయ్యి ముందు కూర్చుని, ఇది మిరప కాదని అప్పుడు తెలుసుకుంది ఆమె. అంతవరకూ భయపడలేదు. ఆ సాయంత్రం భయపడింది.

వానలు పడగానే ఎప్పట్లాగే చాపలు కలిశాయి. కట్టుబాటు తీరిపోయిన రోజులు, సమ్మయ్య ఏడాదంతా ఎదురుచూసే రోజులు, అవి వచ్చే ముందు అతను క్షవరం చేయించుకొని వస్తాడు, బీడీ మానేస్తాడు, ఏమీ ఎరగనట్టు చాప దులుపుతాడు, ఆమెకు నవ్వు వచ్చేది. ఆ ఏడు అతను చాప దులిపితే ఆమె పొయ్యి దగ్గరే ఇంకాసేపు కూర్చుంది. మొదటిసారి అరుపును గొంతులోనే పట్టి ఆపింది. ఆగిన అరుపు మూలుగులా బయటికొచ్చింది, అతను దాన్ని వేరే అనుకున్నాడు, సంతోషపడ్డాడు పాపం. తెల్లారి లేవలేకపోయింది, ఆ మర్నాడూ లేవలేకపోయింది, కాల్చిన ఇటుకను గుడ్డలో చుట్టి పొత్తికడుపు మీద పెట్టుకొని ముడుచుకుంది, నెలసరి అని చెప్పింది. ఎన్ని నెలసరులని చెబుతుంది? లోపల ఎక్కడో కత్తి పెట్టి చెక్కుతున్నట్టు ఉంటుంది ఆ తర్వాతి రోజులు, ఒంటికి వెళ్ళిన ప్రతిసారీ ఏడుపు. ఒంటికి తెలిసిపోయింది, ఆమెకంటే ముందు ఒంటికి. అతను పక్కకు తిరిగితే చాలు తొడలు బిగుసుకునేవి, దగ్గితే చాలు బిగుసుకునేవి, పగలు అన్నం పెడుతుంటే చెయ్యి తగిలినా బిగుసుకునేవి. మనిషి మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు. అన్నం తింటున్న అతని మెడ వెనక చూస్తే ఇప్పటికీ చెయ్యి వెయ్యాలనిపిస్తుంది ఆమెకు, వేస్తే అతను తిరిగి చూస్తాడు, చూస్తే ఆ చూపులో అడుగుతాడు, అందుకని వెయ్యదు. ఒకసారి అతను మధ్యలో ఆగి "నొస్తుందా?" అన్నాడు. "లే" అంది. చెప్పవలసిన సమయం అదే. చేజేతులా వదిలేసింది. కొన్ని నెలలకు, కాయ ఏరుడు మొదలైన రోజుల్లో, చీకట్లో అడిగాడు: "నేనంటే గిట్టుతలేదా ముత్తా?" ఏం చెప్పాలి? నువ్వంటే ప్రాణమని చెప్పాలి, చెబితే దగ్గరికొస్తాడు. "చేతులు మండుతున్నయ్" అంది. ఆ రోజు అది అబద్ధం కూడా కాదు, నిజంగానే మండుతున్నాయి. అతను గభాలున లేచి దీపం వేసి, ఆముదం సీసా తెచ్చి, ఆమె చేతులు తన ఒళ్ళో పెట్టుకొని రాశాడు. అరచేతిలో బొటనవేలితో గుండ్రంగా, వేలు వేలుకూ, మణికట్టు దాకా. మణికట్టు దగ్గర ఆగాడు. కట్టుబాటు కదా. అంత సుఖంగా ఎన్ని నెలలకు నిద్రపోయిందో ఆమె. అబద్ధం అక్కడ పుట్టింది, ఆ సుఖంలో.

మరి ఖమ్మం వెళ్ళలేదా? వెళ్ళింది, ఎందుకు వెళ్ళదు. అన్నతో వెళ్ళింది, ఒంటరిగా వెళ్ళింది, తల్లాడ దాటాక బస్సు ఆపమని డ్రైవరును బతిమాలి, అందరూ కిటికీల్లోంచి చూస్తుండగా తుమ్మ పొదల చాటుకు వెళ్ళి నాలుగు చుక్కలు రాల్చి వచ్చి తలవంచుకొని కూర్చుంది. మూత్రం పరీక్ష బాగానే ఉంది, స్కానింగ్ బాగానే ఉంది, అంతా బాగానే ఉందమ్మా అన్నాడు ఒక డాక్టరు, బాగానే ఉంటే నేనెందుకొచ్చిన సారూ అని అడగలేకపోయింది. మాత్రలు మింగింది, అవే మాత్రలు ఇంకో రంగులో మింగింది. చివరికి ఒక దవాఖానాలో మత్తిచ్చి లోపలికి కెమెరా పెట్టి చూశారు. సంచి లోపలి పొర పుండులా ఉందన్నారు. సన్నగా, చిన్నదిగా, మనోజ్ఞ వాళ్ళ టీచరులా ఉన్న డాక్టరమ్మ, స్టూలు దగ్గరికి జరుపుకొని చెప్పింది: పూర్తిగా పోయే జబ్బు కాదమ్మా, తగ్గించుకుంటూ బతకాలి, పులుపు మానెయ్, టీ మానెయ్, కారం మానెయ్. కారం మానెయ్! మిరప తోటలో బతికే మనిషిని. ముత్తక్కకు అక్కడే నవ్వొచ్చింది, డాక్టరమ్మకు ఎందుకో అర్థం కాలేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, సంసారం ఎట్లా ఉంది, మీ ఆయనకు తెలుసా, ఈసారి తీసుకురా, ఇద్దరికీ చెబుతాను, కొన్ని మార్గాలున్నాయి. తల ఊపింది. అందరికంటే మెత్తగా మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే, ఆ పిల్ల దగ్గరికే మళ్ళీ పోలేదు. ఇంటికొచ్చి "వేడి అన్నరు" అని చెప్పింది.

ఎందుకు దాచానని తనను తాను ఎన్నిసార్లు అడిగిందో. ఈ అరుగు మీదే, ఈ స్తంభానికి ఆనుకొనే. సిగ్గు అనుకుంది మొదట. సిగ్గు కాదు. ఇద్దరూ ఒకరి ఒళ్ళు ఒకరు ఎరిగిన మనుషులు, ఏం సిగ్గు. చేతుల మంటకు ఒక చివర ఉంది, కాయ అయిపోతే అదీ అయిపోతుంది, వానలు పడతాయి, అతను క్షవరం చేయించుకొని వస్తాడు. ఎదురుచూడ్డానికి అతనికి ఏదో ఒకటి మిగులుతుంది. దీనికి చివర లేదు. చెబితే అతను అర్థం చేసుకుంటాడు, అదే ఆమె భయం, తిట్టేవాడైతే ఎప్పుడో చెప్పేసేది. సరేలే ముత్తా అంటాడు. అని ఇక అడగడు. అతను అడగడం ఆమె భరించలేదు, అతను అడక్కపోవడం అంతకంటే భరించలేదు. ఈ రెంటి మధ్యా ఎక్కడ నిలబడాలో తెలియక మిరప వెనక దాక్కుంది.

మళ్ళీ లేచింది. నాలుగు చుక్కలు. ఈసారి గోడ అవతల శ్యామల గొంతు వినిపించింది, కోళ్ళను అదిలిస్తోంది. శ్యామలే కదా పోయినేడు ఆ పనికి తీసుకెళ్ళింది, కాయ ఏరుడు అయిపోయాక కూడా తొడిమలు తీసే పని ఉంటుంది, రోడ్డు మీద వ్యాపారి షెడ్డులో, వానాకాలమంతా, ఎండు కాయ రాసుల ముందు ఆడవాళ్ళు ముక్కుకు కొంగు కట్టుకొని కూర్చుంటారు. ఆ పని గురించి విన్నప్పుడు ముత్తక్క మొహం వెలిగిపోయింది, అంత సంబరంగా మిరప షెడ్డుకు పోయిన మనిషి ఈ లోకంలో ఇంకొకతె ఉండదు. ఏడాది పొడుగునా చేతులు మండే ఏర్పాటు దొరికింది. ఏడాది పొడుగునా సాయంత్రం ఆముదం సీసా. షెడ్డులో ఆడవాళ్ళకు ఈ సంగతి తెలిసిపోయి ఒకటే ఎకసెక్కాలు. "మా ఆయన కాళ్ళు నేను పిసుకుడే గని, ఆయన నా చేతులు ముట్టింది లేదు తల్లీ. నీ మొగుణ్ణి ఒక దినం కిరాయికి ఇయ్యరాదు?" అంది శ్యామల, అందరూ పడీపడీ నవ్వారు. ముత్తక్కా నవ్వింది. వాళ్ళు ఈర్ష్యపడేది దేన్ని చూసో వాళ్ళకు తెలియదు. పెద్ద ఇల్లు కాలిపోగా మిగిలిన ఒక్క గుమ్మం అది. రోజూ సాయంత్రం ఆ గుమ్మంలో ఇద్దరూ కూర్చునేవాళ్ళు. అతను చేతులు రాస్తూ అడవి కబుర్లు చెప్పేవాడు, ఎవరి చేలో పందులు పడ్డాయో, మనోజ్ఞ ఫోన్లో ఏమందో, ఆమె వింటూ అతని బొటనవేలి వెనకే తిరిగేది, తన ఒంట్లో నొప్పి లేని చోటు అదొక్కటే అన్నట్టు. నిజంగానే అదొక్కటే.

ఆ బొటనవేలే మోసం చేసింది. ఈ ఎండాకాలం ఒక సాయంత్రం రాస్తూ రాస్తూ ఆగిపోయాడు, గోళ్ళ చుట్టూ చిట్లిన చర్మం చూశాడు, చూసి, చాన్నాళ్ళుగా మనసులో నలుగుతున్నదాన్ని బయటపెట్టేవాడిలా అన్నాడు. "నీ చేతులు ఖరాబైతున్నయ్ ముత్తా. ఇగ మిరప బంద్. పామాయిల్ పెడదం. ఆ షెడ్డు పని గిట్ల ఏమొద్దు." అతను చెప్పుకుపోతున్నాడు, కాపుకు నాలుగేళ్ళు పడుతుందట, అప్పటిదాకా కూలికి పోతాడట, నాలుగేళ్ళు ఆగలేమా ఏంది అన్నాడు. ఆగడం గురించి సమ్మయ్య అంత తేలిగ్గా మాట్లాడాడు. అతని మొహం చూడాలి అప్పుడు, పెళ్ళిచూపులకు వచ్చిన రోజున అరుగు మీద కూర్చుని నేల చూస్తూ నవ్వు ఆపుకున్న మొహం, అదే. మంట పోతుంది, చేతులు చల్లబడతాయి, చల్లబడితే, ఆ తర్వాతిది అతను అనలేదు. అనకుండానే చెవుల దాకా ఎర్రబడ్డాడు, నెత్తి మీద వెంట్రుకలు తెల్లబడుతున్న మనిషి. తండ్రి నాటి నుంచి మిరప వేసిన చేను. తన కోసం అతను వదులుకుంటున్నాడు, తను చెప్పిన ఒక అబద్ధం కోసం. అప్పుడైనా చెప్పాల్సింది. రేపు అనుకుంది. గుంతలు తవ్వేనాడు చెబుతాననుకుంది, తవ్వుతుంటే గట్టు మీద మంచినీళ్ళ బిందె పట్టుకొని నిలబడింది, చెమటలు కారుతూ అతను ఈల వేశాడు, చెప్పలేకపోయింది.

చప్పుడు. ఈసారి ట్రాక్టరే. వాగు దిగుతోంది, ఇంజను మూలిగింది, ఎక్కుతోంది, ఇక ఎంతసేపు, చింతల మలుపు, బడి, వాళ్ళ సందు. ముత్తక్క లేచి నిలబడింది. నా చేతులకేం లేదయ్యా. గట్టిగా అని చూసింది, ఖాళీ ఇంట్లో తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. నా చేతులకేం లేదయ్యా, నాకు లోపల... లోపల ఏముందని? పొర, పుండు, సంచి. వాగులో కూర్చుని నవ్విన మనిషికి సంచి గురించి చెప్పాలా? మార్గాలున్నాయంది ఆ పిల్ల. ఉంటే ఉండనీ, ఇప్పుడు ఎక్కడని వెతుకుతుంది. ఇంట్లోకి వచ్చింది ఎందుకో. దూలానికి వేలాడుతున్న గుడ్డ మూట తలకు తగిలింది. విత్తనపు మిరప. కూరల్లోకి ఇంటి మటుకు పెంచే నాటు రకం, పున్నమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన విత్తనం, ఏటా మంచి కాయలు ఏరి మూటగట్టి ఈ దూలానికే కట్టేది, చచ్చిపోయే ముందు ముడి ఎట్లా వెయ్యాలో కూడా కోడలికి చూపించింది. ఈ ఏడు దీని అవసరం లేదు, కారం కొట్టిచ్చెయ్ అన్నాడు సమ్మయ్య. రేపటినుంచి సాయంత్రాలు ఎట్లా ఉంటాయో అప్పుడు కనిపించింది ఆమెకు, మూటకు ఎదురుగా నిలబడితే, స్పష్టంగా. ఆముదం సీసా గూట్లో ఉంటుంది. దాన్ని దించే కారణం ఉండదు. అతను ఆమె చల్లటి చేతుల వైపు చూస్తాడు, చాప దులుపుతాడు. లేదా ఆమె నిజం చెబుతుంది, అతను దులపడు. ఎటు పోయినా ఆ బొటనవేలు ఉండదు. సందు మొదట్లో హారన్ మోగింది. ముడి ఎప్పుడు విప్పిందో, గుప్పెడు కాయలు ఎప్పుడు తీసిందో, ఆలోచించి చేసిన పని కాదది. రెండు అరచేతుల మధ్యా పెట్టి నలిపింది. గింజలు రాలాయి. ఇంకా నలిపింది, కళ్ళు మూసుకొని, గింజలు చర్మంలోకి దిగేట్టు, పొడి గొంతులో పడి దగ్గొచ్చింది, నలుపుతూనే ఉంది.

"ముత్తా! ఏడున్నవే? జల్దీ రా, చూడు, ఎట్లున్నయో మొక్కలు!"

బయటికి వచ్చింది. ట్రాక్టరు నిండా నల్ల కవర్లలో మొక్కలు, పచ్చగా, వెంట్రుకలు విరబోసుకున్నట్టు గాలికి ఊగుతున్నాయి. సమ్మయ్య క్షవరం చేయించుకొని వచ్చాడు. అది చూసింది ముందు. డ్రైవరు టీ తాగి వస్తానని రోడ్డు వైపు వెళ్ళాడు. సమ్మయ్య ఒక మొక్కను రెండు చేతులతో దించి, ఆమె ముందు పెట్టి, నడుం మీద చేతులు వేసుకొని నిలబడ్డాడు. "ఇగ నీ చేతులకు మంట లేదు" అన్నాడు. చెప్పు, ఇప్పుడు చెప్పు. ఆమె చేతులు చాచింది.

"మండుతున్నయ్" అంది.

అతను నవ్వుతూనే దగ్గరికొచ్చాడు, నవ్వుతూనే చేతులు పట్టుకున్నాడు. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వేళ్ళ సందుల్లో పసుపుపచ్చని గింజలు. అతని చూపు ఆ గింజల దగ్గర ఆగింది. తర్వాత ఆమె భుజం మీదుగా గుమ్మంలోంచి లోపలికి పోయింది, దూలం దాకా, ముడి విప్పిన మూట దాకా, కింద నేల మీద చెల్లాచెదరైన తొక్కుల దాకా. మళ్ళీ ఆమె మొహం మీదికి వచ్చింది. నవ్వు అతని మొహంలో చాలాసేపు అట్లాగే ఉండిపోయింది, ఆర్పడం మరిచిపోయిన దీపంలా. అడుగుతాడనుకుంది. అరుస్తాడేమో, అరిస్తే బాగుండు. లోపలికి వెళ్ళాడు. సీసా తెచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఒళ్ళో తువ్వాలు పరిచి, ఆమె చేతులు అందులో పెట్టుకున్నాడు. ముందు గింజలు ఒక్కోటి ఏరాడు. ఆ తర్వాత ఆముదం. అరచేతిలో బొటనవేలితో గుండ్రంగా, వేలు వేలుకూ, మణికట్టు దాకా. అడవి కబుర్లు ఏమీ చెప్పలేదు. చినుకులు మొదలయ్యాయి.

"మూటల ఇంకెన్ని ఉన్నయ్?" అన్నాడు తలెత్తకుండా.

"కొన్నే."

అతను తలూపాడు. ఇక ఎప్పుడూ అడగడని ఆమెకు తెలిసిపోయింది, ఆ తల ఊపులోనే. బతికిపోయాననిపించింది, ఆ వెంటనే, ఇంతకంటే చచ్చిపోవడమే నయమనిపించింది. పొత్తికడుపు కింద అది మేల్కొంది. ఇప్పుడు కాదు, ఇంకాసేపు, ఈ ఒక్క చెయ్యి అయ్యేదాకా. పళ్ళు బిగబట్టింది, బొటనవేళ్ళు నేలకు గుచ్చింది, అతని వేలు తిరుగుతున్న చోటే మనసు పెట్టి ఉంచింది. వల్ల కాలేదు. చెయ్యి లాక్కొని వానలోనే వెనక్కి పరుగెత్తింది.

నాలుగు చుక్కలు రాల్చి, గోడ పట్టుకొని చాలాసేపు నిలబడి తిరిగి వచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది. సమ్మయ్య చేలో ఉన్నాడు, వానలో తడుస్తూ, వీపు ఇటు పెట్టి, మొదటి గుంతలో మొక్క నిలబెట్టి మట్టి తొక్కుతున్నాడు. లోపల నేల ఊడ్చి ఉంది. మూట మళ్ళీ దూలానికి ఉంది, పున్నమ్మ వేసే ముడే వేశాడు. చెమ్మకు కాయలు పాడైపోకుండా దాని చుట్టూ ఎరువుల సంచి లోపలి కవరు గట్టిగా చుట్టి, దారంతో కట్టాడు.